పాత మున్సిఫ్ కోర్టు గోడకు పగులు: కూల్చేయమన్న భవనాన్ని ఎలా చదివాం

నేపథ్యం

ఈ కేసు పాత గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణానిది. ఊరి పేరు, భవనం కట్టిన కచ్చితమైన ఏళ్ళు, మనుషుల వివరాలు కావాలనే రాయడం లేదు. భవనం ఇంకా వాడుకలో ఉంది, దాని మీద అభిప్రాయభేదాలూ పూర్తిగా సద్దుమణగలేదు. మాది విజయవాడలో పాత కట్టడాల మరమ్మతులకు సలహాలిచ్చే చిన్న ఆఫీసు. గుళ్ళు, జమీందారీ బంగళాలు, పాత హైస్కూళ్ళు మా దగ్గరికి తరచూ వస్తాయి. కోర్టు భవనం రావడం అరుదు. వచ్చిన ఈ ఒక్కటీ మాత్రం, చరిత్ర తెలుసుకోవడం మరమ్మతులో ఎంత పెద్ద భాగమో బాగా చూపించింది.

ఈ ప్రాంతపు కోర్టుల గురించి రెండు మాటలు ముందే చెప్పాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా మున్సిఫుల, అంటే కింది స్థాయి సివిల్ జడ్జీల, వ్యవస్థ 1816 నాటి రెగ్యులేషన్లతో మొదలైంది. దానికి తర్వాతి రూపం ఇచ్చింది 1873 నాటి సివిల్ కోర్టుల చట్టం. గుంటూరు జిల్లా సంగతి కొంచెం చిక్కు. 1859లో ఆ జిల్లాను రద్దు చేశారు. ఈ వైపు తాలూకాలు కృష్ణా జిల్లాలో కలిసి మచిలీపట్నం కింద నడిచాయి. మళ్ళీ 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా ఏర్పడింది. అందుకని 1859కీ 1904కీ మధ్య కట్టిన సర్కారీ భవనం కాగితాలను గుంటూరు పేరు మీద వెతికితే ఏమీ దొరకదు, కృష్ణా పేరు మీద వెతకాలి. ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడింది కాబట్టి అంతకు ముందటి ప్రభుత్వ ఫైళ్ళలో చాలా భాగం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. ఈ రెండు విషయాలు తెలియక "రికార్డులు లేవు" అని రాసేసిన రిపోర్టులు నేను చాలానే చూశాను.

ఇంకో సంగతి: కోర్టు వయసు, కోర్టు భవనం వయసు ఒకటి కావు. చిన్న ఊళ్ళలో మున్సిఫ్ కోర్టు గెజిట్ నోటిఫికేషన్‌తో మొదలయ్యేది కానీ, తనకంటూ భవనం వచ్చేదాకా ఎవరో షావుకారు మేడలోనో పాత బంగళాలోనో అద్దెకు నడిచేది. ఈ కేసులోనూ అదే జరిగింది.

సమస్య ఏ రూపంలో వచ్చింది

ఊరి బయట కొత్త కోర్టు కాంప్లెక్సు కట్టాక జడ్జీలు, బెంచీ గుమాస్తాలు అక్కడికి వెళ్ళిపోయారు. పాత భవనంలో రికార్డు రూము, కాపీయింగ్ సెక్షన్ మిగిలాయి. లోక్ అదాలత్ రోజున హాలు తెరిచేవారు. ఆ హాలుకు, పక్కనున్న రికార్డు రూముకు మధ్య గోడ మూలలో పై నుంచి కిందదాకా ఒక పగులు. పై భాగంలో చూపుడు వేలు దూరేంత వెడల్పు. దీనికి తోడు మిద్దె కారుతోంది, గోడల పెచ్చులు ఊడుతున్నాయి, కింది భాగమంతా నిమ్ము.

ఒక ఇంజనీరింగ్ రిపోర్టు అప్పటికే వచ్చి ఉంది. సారాంశం: భవనమంతా 1930ల నాటిది, పునాది కుంగిపోయింది, భవనం రెండుగా విడిపోతోంది, ఆయుష్షు తీరింది, కూల్చడమే మేలు. బార్ అసోసియేషన్‌లో సగం మందికి ఇది బాగానే నచ్చింది. ఆ స్థలంలో పార్కింగు, కొన్ని ఛాంబర్లు వస్తాయని వాళ్ళ ఆశ. మిగతా సగం "ఇది తెల్లదొరల నాటి కట్టడం, నూరేళ్ళ పండగ చేయాలి" అంటున్నారు. నూరేళ్ళు నిండితే చట్టమే కాపాడుతుందని కూడా వాళ్ళ నమ్మకం. 1958 నాటి కేంద్ర చట్టంలో నూరేళ్ళ నిబంధన ఉన్న మాట నిజమే. కానీ ఆ వయసు అర్హత మాత్రమే, ప్రభుత్వం నోటిఫై చేస్తేనే రక్షణ. వయసు దానంతటదే రక్షణ ఇవ్వదని చెప్పినప్పుడు ఒక సీనియర్ ప్లీడరు గారు కాస్త నొచ్చుకున్నారు. "అయితే ఇంజనీరు గారూ, ఇంతకీ దీని వయసెంతో మీరే తేల్చండి" అన్నారు.

మమ్మల్ని పిలిపించింది మాత్రం పండగ కోసం కాదు, కూల్చివేత కోసమూ కాదు. లోపల వేల కొద్దీ రికార్డు కట్టలున్నాయి. భవనం నిజంగా ప్రమాదకరమైతే వాటిని వెంటనే ఖాళీ చేయాలి. కాకపోతే అనవసరంగా కదిలించకూడదు. కదిలిస్తే ఏ కట్ట ఎక్కడుందో మళ్ళీ వరుస పెట్టడానికి నెలలు పడుతుంది. అందుకే జిల్లా స్థాయిలో రెండో అభిప్రాయం అడిగారు.

అంతకు ముందు చేసిన మరమ్మతులు, అవి నిలవకపోవడం

రిపోర్టు చదివాక మేం మొదట చూసింది పగులు కాదు, పాత మరమ్మతులు. ఏ భవనంలోనైనా గత యాభై ఏళ్ళలో ఎవరు ఏం పూశారో తెలుసుకుంటే సగం రోగం అక్కడే బయటపడుతుంది.

నిమ్ము ఎక్కుతోందని ఎప్పుడో ఒకప్పుడు గోడల కింది నాలుగడుగుల మేర సున్నపు పూత చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. ఇది మన జిల్లాల్లో దాదాపు ప్రతి పాత భవనానికీ జరిగిన పనే. సున్నంతో కట్టిన ఇటుక గోడ నేలలోంచి కొంత తడిని ఎప్పుడూ పీల్చుకుంటుంది, సున్నపు పూత గుండా దాన్ని గాలికి వదిలేస్తుంది. ఆ దారికి సిమెంటు అడ్డం పడితే తడి ఆగదు, ఇంకా పైకి ఎక్కి సిమెంటు అయిపోయిన చోట బయటికి వస్తుంది. వస్తూ వస్తూ ఉప్పును కూడా తెస్తుంది. ఆ ఉప్పు గోడ ఉపరితలంలో గట్టిపడి పూతను తోసేస్తుంది. అందుకే ఈ భవనంలో పెచ్చులూడింది నేల దగ్గర కాదు, సరిగ్గా నాలుగున్నర అడుగుల ఎత్తు దగ్గర ఒక గీత గీసినట్టు. "నిమ్ము పెరిగింది" అని మళ్ళీ ఇంకో అడుగు పైకి సిమెంటు వేశారు. ఉప్పు ఇంకో అడుగు పైకి పోయింది.

మిద్దె కథ కూడా అలాంటిదే. హాలు పైకప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో పేర్చి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటును మూడంగుళాల దాకా కొట్టి, దాని మీద పలక పెంకులు పరిచే పద్ధతి. సరిగ్గా చేస్తే నూరేళ్ళు ఉంటుంది. దీనికి ఒక వాటర్ ప్రూఫింగ్ కెమికల్ పూశారు. పూత ఎండకు చిట్లి, చిట్లిన చోట దిగిన నీళ్ళు మళ్ళీ ఆవిరయ్యే దారి లేక దూలాల చివర్ల దాకా వెళ్ళాయి. గోడలోకి దిగిన చివర్లు కొన్ని పుచ్చిపోయాయి. నడిమి భాగం మాత్రం సుత్తితో కొడితే గంటలా మోగుతోంది.

ఇక పగులును సిమెంటు మోర్టారుతో పదేపదే పూడ్చారు. ప్రతి ఎండాకాలం మళ్ళీ తెరుచుకుంది. మేం దీన్ని లోపంగా కాక సాక్ష్యంగా తీసుకున్నాం. పునాది ఒకవైపుకే కుంగుతుంటే పగులు ఏటేటా పెరగాలి. ఇది వేసవిలో పెరిగి వానలకు తగ్గుతోందని అటెండరు గారు చెప్పారు. ఆయన అక్కడ పనిచేసినంత కాలం ఎవరూ ఆయన్ని ఆ విషయం అడగలేదట.

వయసు తేల్చే ప్రయత్నాలు

ఇక్కడే ఎక్కువ సమయం పట్టింది. ఆ సమయం వృథా కాలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదట మాటలు విన్నాం. పెద్ద ప్లీడర్లు, రిటైరైన నాజరు (కోర్టు ఆఫీసు వ్యవహారాలు చూసే ఉద్యోగి), ఒక స్టాంపు వెండర్ కుటుంబం. "మా తాతగారు ఇక్కడే ప్రాక్టీసు చేశారు, కాబట్టి 1890ల నాటిది" అనే వాదన ఒకటి. తాతగారు ఆ కోర్టులో ప్రాక్టీసు చేసిన మాట నిజమే కావచ్చు, కానీ ఆ రోజుల్లో కోర్టు వేరే వీధిలో అద్దె మేడలో ఉండేదని తర్వాత తేలింది. ఇంకొందరు "హైకోర్టు ఇక్కడ నడిచింది" అని గట్టిగా చెప్పారు. ఆంధ్ర హైకోర్టు 1954 జులైలో గుంటూరులో మొదలై, 1956 నవంబరులో హైదరాబాదుకు తరలింది. నడిచింది గుంటూరు పట్టణంలోనే, ఈ ఊళ్ళో కాదు. ఆ రెండేళ్ళు జిల్లా ప్లీడర్లందరికీ గొప్ప కాలం కాబట్టి ఆ జ్ఞాపకం చుట్టుపక్కల ఊళ్ళ భవనాలకు కూడా అంటుకుపోయిందని నా అభిప్రాయం. మాటల్లోంచి తారీఖు రాలేదు. కానీ "అద్దె మేడ" అనే ఆచూకీ వచ్చింది, అది చాలా విలువైనది.

తర్వాత శంకుస్థాపన రాయి కోసం వెతికాం. లేదు. ఉన్న ఒక్క రాయి 1977 నవంబరు ఉప్పెన తర్వాతి మరమ్మతులది.

మంగళూరు పెంకుల వెనుక ముద్రలు చూద్దామని ఒక జూనియర్ ఉత్సాహపడ్డాడు. వరండా చూరు మీద రకరకాల కంపెనీల పెంకులు దొరికాయి. వాటిని పక్కన పెట్టమన్నాను. కోతులు, గాలివానలు, టెంకాయలు కలిసి ప్రతి పదేళ్ళకూ మార్పించే వస్తువు పెంకు. అది ఆఖరిసారి ఎప్పుడు నేశారో చెబుతుంది గానీ భవనం ఎప్పుడు కట్టారో చెప్పదు.

రికార్డు రూము పైకప్పులో ఇనుప గర్డర్లున్నాయి. వాటి మీద ఇంగ్లండు కంపెనీ డార్మన్ లాంగ్ పేరు ముద్ర ఉంది. ఆ కంపెనీ 1875లో మొదలైంది కాబట్టి గర్డరు అంతకంటే పాతది కాదు. మనకు తెలిసేది అంతే. గర్డర్లు గోడౌనులో ఏళ్ళు పడి ఉండొచ్చు, రైల్వే పాత సామాను వేలంలో కొని ఉండొచ్చు. ముద్ర ఎప్పుడూ "దీనికంటే ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. అయినా ఒక తేడా స్పష్టమైంది: హాలుకు టేకు దూలాలు, రికార్డు రూముకు ఇనుప గర్డర్లు. ఒకే భవనం ఒకేసారి కట్టి ఉంటే పక్కపక్క గదులకు వేరే పద్ధతి ఎందుకు?

ఆ ప్రశ్నతో ఇటుకలు కొలిచాం. హాలు గోడలో ఇటుక రెండంగుళాల చిల్లర మందం, వెడల్పెక్కువ, సున్నంలో ఇటుక పొడి కలిపిన ఎర్రటి మోర్టారు. రికార్డు రూములో 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం ఉన్న ఇటుక, బూడిదరంగు చాయ ఉన్న మోర్టారు, అంటే సున్నంలో కొంత సిమెంటు. వెనుక ఇనుప ఊచలున్న ఒక చిన్న గది ఉంది. అది పూర్తిగా సిమెంటు, పైన ఆర్‌సీసీ స్లాబు. ఖైదీలను వాయిదాకు తెచ్చినప్పుడు కూర్చోబెట్టిన గది. అప్పటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మెజిస్ట్రేటు పని కూడా ఈ ప్రాంగణానికి వచ్చాకే ఈ గది అవసరం పడిందని పాత సిబ్బంది మాట. భవనం తీరూ ఆ మాటతో సరిపోతోంది.

అప్పటికి మూడు దశలున్నాయని అనుమానం బలపడింది. దాన్ని తేల్చింది పంకా. హాలు పైకప్పుకు పాత పంకా కొక్కేలు ఉన్నాయి. కరెంటు ఫ్యాన్లు రాకముందు దూలానికి పొడవాటి గుడ్డ పంకా కట్టి, దాని తాడును గోడకున్న రంధ్రం గుండా బయటికి తీసి, వరండాలో కూర్చున్న మనిషి లాగేవాడు. ఆ తాడు రంధ్రం ఎక్కడుందో చూస్తే, సరిగ్గా హాలుకు, రికార్డు రూముకు మధ్య గోడలో ఉంది. అవతలివైపు రికార్డు ర్యాకుల వెనుక మట్టితో మూసేసి ఉంది. పంకా లాగేవాణ్ణి రికార్డు రూములో కూర్చోబెట్టరు. అంటే పంకా కట్టిననాడు ఆ గోడ బయటి గోడ, రికార్డు రూము ఉన్న చోట వరండా. ర్యాకులు రెండు జరిపించి ఆ గోడ అవతలి ముఖం గీకి చూశాం. కింద ఎండకు, వానకు మాగిన సున్నపు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. పైన మిద్దె నీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన రాతి తూము మొండి కూడా ఉంది.

కాగితాలు ఆ తర్వాత వెతికాం, అదీ ఏం వెతకాలో తెలిసి వెతికాం. సర్వే శాఖ పాత కొలతల పటంలో ఈ స్థలం కోర్టు పోరంబోకు, అందులో భవనం ఆకారం పొడవాటి దీర్ఘచతురస్రం. తర్వాతి టౌన్ సర్వేలో అదే భవనానికి పక్కన ఒక ముక్క అతికినట్టు ఉంది. చెన్నైలో కృష్ణా, గుంటూరు రెండు పేర్ల కిందా వెతికిస్తే, రికార్డు రూము పెంచాలన్న ఒక ప్రతిపాదన సారాంశం దొరికింది. స్థలం చాలక కట్టలు వరండాలో పెడుతున్నారని, వరండానే మూసి గది చేస్తే ఖర్చు తగ్గుతుందని అందులో ఉంది. ఖర్చు తగ్గించాలన్న ఆ ఆలోచనే మన పగులుకు మూలం.

పగులును మళ్ళీ చదవడం

కూల్చమన్న రిపోర్టు వెనుక ఒక గొయ్యి ఉంది. పునాది చూడటానికి వాళ్ళు ఒక్క చోట తవ్వారు, అది రికార్డు రూము మూల. అక్కడ పునాది రెండున్నర అడుగుల లోతే ఉంది. దాన్నిబట్టి మొత్తం భవనానికి తీర్పు ఇచ్చారు. భవనమంతా ఒకే కాలంనాటిది అనుకున్నప్పుడు అది తప్పు తర్కమేమీ కాదు.

మూడు దశలని తెలిశాక హాలు వైపు కూడా తవ్వించాం. అక్కడ పునాది ఐదున్నర అడుగులకు పైగా లోతుంది, కిందకు వెడల్పవుతూ వెళ్ళింది. రికార్డు రూము బయటి గోడకు అసలు పునాదే వేయలేదు. పాత వరండా స్తంభాల కోసం వేసిన అడుగు మీదే గోడ లేపారు. తేలికైన పెంకుల చూరును మోయడానికి పెట్టిన అడుగు మీద గర్డర్లు, మిద్దె, పైగా ర్యాకుల నిండా కాగితాల బరువు. అడ్డగోడలను హాలు గోడలోకి ఇటుక పళ్ళు దిగేలా కలపనూ లేదు. కొత్తగా కలిసిన వియ్యంకుల్లా రెండు గోడలూ ఆనుకుని నిలబడ్డాయి, చేతులు మాత్రం కలపలేదు.

నేల నల్లరేగడి. వేసవిలో ఎండి నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. హాలు కింద నేల కదలదని కాదు. కానీ లోతైన వెడల్పు పునాది, బరువైన గోడలు ఉండటంతో అది ఉన్నంతలో ఒక్కటిగా కదులుతుంది. రికార్డు రూము పైపొర మీద కూర్చుంది కాబట్టి రుతువును బట్టి ఎక్కువ లేస్తుంది, దిగుతుంది. దీనికి తోడు ఆ మూల దగ్గరే మిద్దె నీళ్ళ గొట్టం నేరుగా నేలలోకి వదిలారు. పదిహేను అడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు వేసవిలో మిగిలిన తడినీ లాగేస్తోంది. రోడ్డు మీద పొర మీద పొర వేసుకుంటూ పోవడంతో వీధి మట్టం పెరిగి వాన నీళ్ళు ప్రాంగణంలోకే వస్తున్నాయి. ఒకే మూలకు అతి తడి, అతి పొడి రెండూ.

ఇది నిర్ధారించాలంటే కొలతలు కావాలి. మొదట పగులు మీద గాజు పలకలు అతికించాం. కదలిక ఉంటే అవి చిట్లుతాయి. చిట్లాయి, కానీ కొన్ని గోడ వల్ల కాదు, లోక్ అదాలత్ రోజు బెంచీలు జరిపినందుకు. గాజు పలకతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కదిలిందని చెబుతుంది గానీ ఎంత, ఎటు అన్నది చెప్పదు. దాంతో రెండువైపులా ఇత్తడి పిన్నులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో నెలనెలా రాయించాం. ఏడాది పొడవునా చూస్తే మే నెలాఖరుకు అత్యధికం, అక్టోబరుకు అత్యల్పం, మధ్య తేడా దాదాపు 5 మిల్లీమీటర్లు. మళ్ళీ వేసవికి వచ్చేసరికి అంతకు ముందు వేసవి అంకెకే చేరింది. అంటే పగులు ఊపిరి తీసుకుంటోంది, పెరగడం లేదు. భవనం విడిపోవడం లేదు. ఎప్పుడూ కలవని రెండు భవనాలు వేర్వేరుగా కదులుతున్నాయి. రికార్డులు ఖాళీ చేయక్కర్లేదని అప్పుడే రాతపూర్వకంగా ఇచ్చాం. అయితే బయటి గోడకు ఆనుకున్న ర్యాకుల బరువు తగ్గించమన్నాం.

ఏం చేశాం, ఎందుకు చేశాం

ముందు నీళ్ళ సంగతి. గొట్టాన్ని ఆ మూల నుంచి తప్పించి ముందువైపు కాలువలోకి మళ్ళించాం. ప్రాంగణం వాలు సరిచేశాం. గోడ చుట్టూ ఐదడుగుల వెడల్పున అప్రాన్ (నేల మీద గట్టి పరుపు) వేయించి, గోడకు, దానికి మధ్య తారు నింపిన సందు ఉంచాం. కిందనున్న నల్లరేగడిలో తడి ఏడాది పొడవునా ఒకేలా ఉంచడమే దీని ఉద్దేశం.

చెట్టు కొట్టేయమన్నది దాదాపు అందరి సలహా. మేం వద్దన్నాం. నల్లరేగడిలో పెద్ద చెట్టును ఒక్కసారిగా తీసేస్తే అది ఏళ్ళుగా లాగుతున్న తడి నేలలోనే ఉండిపోయి నేల ఉబ్బుతుంది, కొత్త పగుళ్ళు వస్తాయి. కొమ్మలు దశలవారీగా తగ్గించమన్నాం. మిద్దె మీద మొలిచిన రావి మొక్కలను మాత్రం వేళ్ళతో సహా తీయించాం. ఆ రెండింటికీ పోలిక లేదు.

పగుల్లోని సిమెంటు అంతా తవ్వి తీసి, మెత్తటి సున్నపు మిశ్రమంతో నింపి, పైన సన్నటి టేకు పట్టీ వేశాం. పట్టీని హాలు వైపు మాత్రమే బిగించాం. రెండో అంచు జారుతుంది. రెండు గోడలనూ ఇనుప కడ్డీలతో కుట్టేయాలన్న ప్రతిపాదన వచ్చింది. కుడితే కదలిక ఆగదు, పక్కకు పోయి హాలు గోడను చీలుస్తుంది. డెబ్భై ఎనభై ఏళ్ళుగా భవనమే తయారు చేసుకున్న జాయింటును గౌరవించడమే మంచిది.

మిద్దె విషయంలో వాదన ఎక్కువ జరిగింది. మద్రాస్ టెర్రస్ తీసేసి ఆర్‌సీసీ స్లాబు వేయమన్నారు, తేలిగ్గా ఉంటుందన్నారు. లెక్క వేస్తే రెండింటి బరువూ దగ్గర దగ్గరే, బరువు ఇక్కడ కారణం కాదు. స్లాబు ఎండకు వ్యాకోచిస్తుంది. సున్నపు గోడ మీద బిగుసుకుని కూర్చుంటే గోడ పై వరసలను తోస్తుంది. పైగా హాలు లోపల వేసవిలో కూర్చోలేరు. కెమికల్ పొర చెక్కేసి, పుచ్చిన దూలాల చివర్లను మాత్రం కోసి, గోడ దగ్గర ఇనుప ఛానళ్ళతో ఊతం ఇచ్చాం. బాగున్న టేకును మార్చలేదు. ఆ కొలత టేకు ఇప్పుడు కొనాలంటే ఎస్టిమేటు చూసి అందరూ కూల్చివేతకే ఓటేసేవారు.

గోడల సిమెంటు తీసేసి ఒక వేసవి అలాగే వదిలేశాం. ఇటుకలు బయటికి కనిపిస్తుంటే "పని ఆపేశారు" అని ఊళ్ళో మాటొచ్చింది, బార్ రూములో కొంత టెన్షన్ కూడా. ఎండనివ్వకుండా పూస్తే మళ్ళీ అదే కథ. తర్వాత పిడుగురాళ్ళ సున్నం తెప్పించి, గుంటల్లో నానబెట్టి మాగనిచ్చి, ఇటుక పొడి, కడిగిన ఇసుకతో కలిపి గానుగలో నూరే డంగు సున్నం ఆడించాం. పల్నాడు వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి గారు లేకపోతే ఇది సాగేది కాదు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "కోడిగుడ్డు సొన కలుపుతున్నారా?" అని అడిగారు. గోడ పూతకు కలపలేదు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కొద్దిగా వాడాం. బెల్లం మిశ్రమాన్ని మెత్తగా పూతకు అనువుగా చేస్తుంది, ఎక్కువైతే బిగుసుకోవడం ఆలస్యమవుతుంది. "బాబూ, బెల్లం గోడక్కాదు, చీమలకు పెట్టినట్టవుద్ది" అని మేస్త్రి గారు కుర్రాళ్ళను కేకలేస్తుండేవారు.

వెనుక ఊచల గదిని కూల్చమని మేమే రాశాం. స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటు రాలుతోంది, హాలు గోడకు తడి అక్కడి నుంచే వస్తోంది. మూడింటిలో వయసులో అన్నిటికంటే చిన్నదీ, నిజంగా ఆయుష్షు తీరిందీ అదే. కూల్చే ముందు కొలతలు, ఫొటోలు తీసి రికార్డు చేశాం.

పనయ్యాక వచ్చిన వేసవి, వానాకాలం రీడింగుల్లో తేడా 5 నుంచి సుమారు 2 మిల్లీమీటర్లకు తగ్గింది. సున్నాకు రాదు, రావాలని ఆశించలేదు కూడా. రెండు ఏళ్ళ అంకెలతో గట్టిగా ఏదీ చెప్పలేం, కొలవడం ఆపలేదు.

ఫలకం మీద ఏ సంవత్సరం వేయాలన్నది బార్‌లో కొన్నాళ్ళు నలిగింది. కోర్టు స్థాపన, హాలు నిర్మాణం, రికార్డు రూము చేర్పు, మూడూ విడివిడిగా రాయమన్నాం. ఫలకం అలాగే పెట్టారు. ఆహ్వాన పత్రికలో మాత్రం అన్నిటికంటే పాత సంవత్సరమే వేసుకున్నారు.

ఇలాంటి భవనం మళ్ళీ వస్తే

తాలూకా కేంద్రాల్లో ఇలాంటి సర్కారీ భవనాలు ఇంకా ఉన్నాయి: సబ్ రిజిస్ట్రారు ఆఫీసులు, పాత తాలూకా కచేరీలు. వాటికి ఇప్పుడు మేం అనుసరించే వరుస కొంచెం మారింది. పునాది గొయ్యి తవ్వే ముందు గదుల వయసు క్రమం తేలుస్తాం, ఎందుకంటే గొయ్యి ఎక్కడ తవ్వాలో అదే చెబుతుంది. అతుకు ఉందని అనుమానం ఉన్న ప్రతిచోటా రెండువైపులా తవ్విస్తాం. ఇటుక కొలత, మోర్టారు రంగు, పంకా రంధ్రాలు, మూసేసిన కిటికీలు, లోపలి గోడల మీద బయటి పూత: వీటికి ఖర్చు దాదాపు లేదు. చెన్నై ఆర్కైవ్స్ ఖర్చు, సమయం తీసుకుంటాయి కాబట్టి అడగాల్సిన ప్రశ్న స్పష్టమయ్యాకే అక్కడికి వెళ్ళడం మంచిది.

అటెండర్లు, రికార్డు కీపర్లు, వాచ్‌మన్లతో మాట్లాడటం మొదటి వారంలోనే జరగాలి. పగులు వేసవిలో తెరుచుకుని వానకు మూసుకుంటుందన్న ఒక్క మాట రిపోర్టు రాసినవాళ్ళకు ముందే అంది ఉంటే కూల్చివేత ప్రస్తావన అంత దూరం వచ్చేది కాదు.

టెండర్ల విషయంలో ఒక జాగ్రత్త. సున్నం పనిని సిమెంటు ప్లాస్టరింగులా చదరపు మీటరు రేటుకు మాత్రమే రాస్తే కాంట్రాక్టరు మాగబెట్టని పొడి సున్నం తెచ్చి, అందులో సిమెంటు కలిపి పూసేస్తాడు. సున్నం ఎన్ని రోజులు నానాలి, పూతకు పూతకు మధ్య ఎంత ఆగాలి, ఎన్నాళ్ళు తడిగోనెలు కప్పాలి అన్నవి షరతుల్లోనే ఉండాలి. పని ఆగిన రోజులకు కూడా బిల్లులో ఏదో ఒక లెక్క ఉండాలి. ఏటా మృగశిర కార్తెకు ముందు మిద్దె తూములు, నీళ్ళ గొట్టం శుభ్రం చేయించడానికి చిన్న మొత్తం ఒకటి నిర్వహణ ఖాతాలో పెట్టమని కూడా రాశాం. మొదటి ఏడాది అది మంజూరు కాలేదు, బార్ వాళ్ళే చందాలు వేసుకుని చేయించారు. రెండో ఏడాది నుంచి వస్తోంది.